క్యాప్ వేసిన పంటి చుట్టూ చిగురు వాపు తగ్గడం లేదు: చిగుళ్ల నిపుణుల అభిప్రాయం కోరుతున్నాను

ప్రశ్న: గుంతకల్లు నివాసి

అందరికీ నమస్కారం. నా వయసు 47 సంవత్సరాలు. కింది దవడలో కుడివైపున ఉన్న మొదటి పెద్ద నమిలే పన్నుకు తొమ్మిది నెలల క్రితం మా ఊళ్లోనే రూట్ కెనాల్ చేయించుకొని, దానిపైన మెటల్ సిరామిక్ క్యాప్ వేయించుకున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పంటి నొప్పి ఆ చికిత్సతో పూర్తిగా పోయింది. ఈ మాట ముందుగా చెప్పకపోతే చికిత్స చేసిన డాక్టరుగారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

సమస్య క్యాప్ వేసిన నెలన్నర తరువాత మొదలైంది. ఆ పన్ను చుట్టూ, ముఖ్యంగా వెనక పన్నుకు ఆనుకొని ఉన్న వైపున, చిగురు ముదురు ఎరుపు రంగుకు తిరిగి ఉబ్బింది. బ్రష్ తగిలితే రక్తం వస్తుంది, పొద్దున లేచేసరికి నోట్లో ఒక రకమైన పాచివాసన ఉంటుంది. జొన్నరొట్టె తిన్నా, మాంసం తిన్నా ఆ రెండు పళ్ల సందులో ఏదో ఒకటి ఇరుక్కుంటుంది, దాన్ని పుల్లతో తీసేదాకా మనసు నిలవదు. చొక్కా జేబులో పెన్ను పక్కన పుల్లల డబ్బా పెట్టుకొని తిరిగే మనిషినయ్యానంటే మీరే ఊహించుకోవచ్చు. దారంతో శుభ్రం చేసుకోమని ఎవరో చెబితే అది కూడా కొన్నాను కానీ, ఆ సందులో పెట్టి పైకి లాగిన ప్రతిసారీ దారం పోగులు పోగులుగా విడిపోతుంది. నాసిరకం దారమేమోనని వేరే కంపెనీది కొన్నా అంతే. మిగతా పళ్ల మధ్య మాత్రం శుభ్రంగా వస్తుంది.

ఇప్పటికి ముగ్గురికి చూపించాను, ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. క్యాప్ వేసిన డాక్టరుగారు రెండుసార్లు క్లీనింగ్ చేసి, రెండుసార్లూ ఐదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. ఇరవై రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. రెండో ఆయన క్యాప్ లోహం పడలేదని, దాన్ని కోసి తీసి జిర్కోనియా అనే లోహం కాని తెల్లటి పదార్థంతో చేసిన క్యాప్ వేస్తానని చెప్పారు. అనంతపురంలో చూపించిన మూడో ఆయన ఎక్స్‌రే చూసి, పన్ను వెనక ఎముక కొంత కరిగిందనీ, ఇప్పుడే పన్ను తీసి ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకోవడం మంచిదనీ అన్నారు. మా అమ్మగారు మాత్రం ఇదంతా మన జిల్లా నీళ్ల ప్రభావమని ఒకే మాట మీద ఉన్నారు.

బీపీకి రెండేళ్లుగా ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నాను. షుగరు కూడా ఉంది. పోయిన నెల చేయించిన మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 7.6 వచ్చింది. పొగతాగే అలవాటు, వక్కపొడి అలవాటు లేవు.

నేను అడగదలచుకున్నవి ఇవి. ఇలాంటి సమస్యకు ఏ రకం నిపుణుని దగ్గరికి వెళ్లాలి, వారు ఏమి చూసి నిర్ణయిస్తారు? లోపం క్యాప్‌లో ఉందా, నా మాత్రలో ఉందా, షుగరులో ఉందా అన్నది తేల్చే మార్గమేదైనా ఉందా? చివరిది కొంచెం ఇబ్బందికరమైన ప్రశ్న. క్యాప్ వేసిన డాక్టరుగారు మా కుటుంబానికంతటికీ పాతికేళ్లుగా చూస్తున్నవారు. పాత ఎక్స్‌రేలు ఇవ్వమని అడిగితే ఆయన మీద నమ్మకం పోయిందని అనుకుంటారేమోనని వెనకాడుతున్నాను.

జవాబు: ప్రొద్దుటూరు గృహిణి

అన్నగారూ, మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల క్రితం నా పరిస్థితి గుర్తుకొచ్చింది. నాకు పైదవడలో ఒక పన్ను లేక, అటూ ఇటూ పళ్లను ఆధారం చేసుకొని మూడు పళ్ల బ్రిడ్జి వేశారు. మధ్యలోని ఉత్తపన్ను కింద చిగురు ఉబ్బి, నొక్కితే తెల్లగా చీము కనిపించేది. నోరు పుక్కిలించే మందు వాడమన్నారు. ఎన్నాళ్లు వాడాలో వారూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు నెలలు ఆపకుండా వాడితే పళ్ల మీద, నాలుక మీద గోధుమరంగు మరకలు పడ్డాయే కానీ వాపు తగ్గలేదు.

చివరికి మా ఆడపడుచు పట్టుబట్టి నన్ను కడపలో రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు తీసుకువెళ్లింది. ఓపీ చీటీ తీసుకున్నాక మొదట ఒకచోట నోరంతా పరీక్షించి, అక్కడి నుంచి చిగుళ్ల విభాగానికి పంపారు. పీజీ చదువుతున్న అమ్మాయి సన్నని కొలత కడ్డీతో ప్రతి పన్ను చుట్టూ కొలుస్తూ అంకెలు చెబుతుంటే, పక్కన ఇంకొకరు కాగితంలో రాసుకున్నారు. దానికే అరగంట పట్టింది. అంతకుముందు నేను వెళ్లిన ఏ చోటా ఎవరూ అలా కొలవలేదన్న సంగతి నాకు ఆరోజే తెలిసింది. నా విషయంలో బ్రిడ్జి బాగానే ఉందని, దాని కింద శుభ్రం చేసుకోవడం నాకెవరూ నేర్పకపోవడమే కారణమని తేల్చారు. ఒక చివర గట్టిగా, మధ్యలో మెత్తగా ఉండే ప్రత్యేకమైన దారాన్ని బ్రిడ్జి కిందికి ఎలా దూర్చాలో అద్దం ముందు కూర్చోబెట్టి నా చేతనే చేయించారు. నెలన్నరలో వాపు దిగింది.

కళాశాలకు వెళ్తే సమయం పడుతుందని ముందే తెలిసి వెళ్లండి. ఒక పూటలో తేలే పని కాదు. నేను నాలుగుసార్లు తిరిగాను. గుంతకల్లు నుంచైతే గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల మీదుగా కడపకు రైలు ఉంది కాబట్టి మీకు ప్రయాణం మరీ కష్టం కాకపోవచ్చు. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీలు, షుగరు పరీక్ష కాగితం, ఉన్న ఎక్స్‌రేలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. నేను మొదటిసారి చేతులూపుకుంటూ వెళ్లి ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

జవాబు: చిగుళ్ల వైద్యుడు, కర్నూలు

గుంతకల్లు నివాసి గారికి నమస్కారం. నేను చిగుళ్ల వ్యాధుల్లో ఎం.డి.ఎస్. (దంత వైద్యంలో పీజీ) చేసి కర్నూలులో వైద్యం చేస్తున్నాను. నోరు చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పడం తగదు, నేను చెప్పను. అయితే మీరు ఏ ప్రశ్నకు సమాధానం తెచ్చుకోవాలో చెప్పగలను. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక మాట నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది కనుక దాని గురించి కూడా చెబుతాను.

మొదటి ప్రశ్న: జబ్బు ఆ ఒక్క పన్ను చుట్టూనే ఉందా, నోరంతా ఉందా? మీకు కనిపించేది ఒక్కచోటే కావచ్చు కానీ చిగుళ్ల జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా సాగుతుంది కాబట్టి కంటికి కనిపించేది చాలదు. అందుకే మేము మిల్లీమీటర్ల గుర్తులున్న కొలత కడ్డీని ప్రతి పన్ను చుట్టూ బుగ్గవైపు మూడు చోట్ల, నాలుకవైపు మూడు చోట్ల, మొత్తం ఆరు చోట్ల చిగురుకూ పన్నుకూ మధ్య మెల్లగా దించి లోతు చూస్తాము. ఎంత మెల్లగా అంటే, అదే కడ్డీని బొటనవేలి గోరు కింద పెట్టి నొక్కితే గోరు కొంచెం తెల్లబడేంత ఒత్తిడి, అంతకు మించదు. ఆరోగ్యంగా ఉన్న చిగురులో ఈ లోతు 1 నుంచి 3 మి.మీ. వరకు ఉంటుంది. 4 దాటి, కొలిచినచోట రక్తం కూడా వస్తే అక్కడ జబ్బు సంచి ఏర్పడిందని అనుమానిస్తాము. మీరు చూపించుకున్న ముగ్గురిలో ఎవరైనా ఈ ఆరు అంకెలు రాసి ఇచ్చారా? ఇవ్వకపోతే మీ చేతిలో ఉన్నవి మూడు సలహాలే, నిర్ధారణ ఇంకా జరగలేదు. క్యాప్ మార్చాలన్నా, పన్ను తీయాలన్నా ఆ అంకెల తరువాతే మాట్లాడుకోవాలి.

ఇక మీ దారం సంగతి. ఆరోగ్యకరమైన సందులో దారం చిన్నగా టక్కుమని దిగి, శుభ్రంగా బయటికి వస్తుంది. ఎప్పుడూ ఒకేచోట పోగులుగా విడిపోతూ ఉంటే అక్కడ దానికి ఏదో గరుకుగా, అంచులా తగులుతోందని అర్థం. అది పన్ను కొలత కంటే బయటికి పొడుచుకొచ్చిన క్యాప్ అంచు కావచ్చు, క్యాప్ అంటించినప్పుడు చిగురు కిందికి జారి గట్టిపడిన సిమెంటు ముక్క కావచ్చు, క్యాప్ కింద కొత్తగా పట్టిన పుచ్చు కూడా కావచ్చు. ఈ మూడింటిలో ఏది ఉన్నా పాచి అక్కడ గూడు కట్టుకుంటుంది, బ్రష్ దాన్ని అందుకోలేదు. క్లీనింగ్ చేసి మాత్రలు వాడిన ఇరవై రోజులు బాగుండి మళ్లీ మొదలవడానికి ఇది సరిపోయే కారణం. మాత్రలు సూక్ష్మజీవులను కొంతకాలం అణచగలవు కానీ సిమెంటును కరిగించలేవు. అందువల్ల కారణం తేలేవరకు మరోసారి యాంటీబయాటిక్ వాడకండి. జ్వరం, ముఖం వాపు, నోరు తెరవలేకపోవడం లాంటివి వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా దగ్గరలోని వైద్యులకు చూపించండి.

క్యాప్ అంచు ఎంత లోతులో ఉందన్నది ఇంకొక పెద్ద సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్యాప్ మార్చడమా వద్దా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. చిగురు పన్నుకు అంటుకొని ఉండటానికి, ఎముక అంచుకు పైన కొంత జాగా ప్రకృతి కేటాయించింది. 1961లో గార్గియులో, ఆయన సహచరులు మరణించినవారి దవడలను సూక్ష్మంగా కొలిచి ఆ జాగా సగటున రెండు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువని చూపారు. ఈ కొలత మనిషికీ మనిషికీ, ఒకే నోట్లో పన్నుకూ పన్నుకూ మారుతుంది కానీ, ఎముకకూ క్యాప్ అంచుకూ మధ్య సుమారు 3 మి.మీ. ఎడం ఉండాలన్నది మేము పనిలో పాటించే లెక్క. పుచ్చు లోతుగా ఉన్న పన్నుకు అంచును చిగురు కిందికి తీసుకుపోక తప్పని సందర్భాలు ఉంటాయి, అది చేసినవారి అజాగ్రత్త అని అనుకోనక్కరలేదు. కానీ అంచు ఆ జాగాలోకి చొచ్చుకుపోతే చిగురు ఎర్రబడి ఉబ్బుతూనే ఉంటుంది, లేదా ఎముక తనంతట తాను వెనక్కి తగ్గి జాగా చేసుకుంటుంది. అలాంటి చోట లోహం తీసి జిర్కోనియా వేసినా అంచు అదే లోతులో ఉన్నంతకాలం మీ బాధ అలాగే ఉంటుంది, ఖర్చు మాత్రం రెండింతలవుతుంది.

నికెల్ పడకపోవడం అన్నది లేని సమస్య కాదు. మెటల్ సిరామిక్ క్యాపుల లోపలి లోహంలో నికెల్ ఉండటం మన దగ్గర మామూలే. గిల్టు నగలు, గడియారం పట్టీ, బెల్టు బకిల్ తగిలినచోట మీకు ఎప్పుడైనా దురద, దద్దు వచ్చాయా అన్నది గుర్తు చేసుకోండి. అలా ఉంటే వైద్యునికి చెప్పండి. కానీ ఎరుపు క్యాప్ చుట్టూ సమానంగా కాకుండా ఒకే పక్కన ఎక్కువగా ఉందంటున్నారు కాబట్టి, లోహం కంటే ఆ పక్కన ఉన్న అడ్డంకినే నేను ముందు వెతుకుతాను.

ఇంకొకటి తప్పక చూడాల్సింది పన్ను వేరులో నిలువు పగులు. రూట్ కెనాల్ జరిగిన పన్నుకు ఇది రావచ్చు. చుట్టూ అన్ని అంకెలూ మామూలుగా ఉండి, ఒకే ఒక్క బిందువు దగ్గర కడ్డీ సన్నని బావిలోకి దిగినట్టు అమాంతం లోతుకు పోతే పగులును గట్టిగా అనుమానిస్తాము. పగులే నిజమైతే పన్ను తీయడం గురించి ఆలోచించాల్సిందే. లోతు వెడల్పుగా పరుచుకొని ఉంటే పన్నును నిలుపుకునే అవకాశాలు మెరుగ్గా ఉంటాయి. మామూలు ఎక్స్‌రేలో పళ్ల మధ్య ఎముక, క్యాప్ పక్క అంచులు కనిపిస్తాయి కానీ బుగ్గవైపు, నాలుకవైపు ఎముక పన్ను నీడలోనే ఉండిపోతుంది. అందువల్ల ఎక్స్‌రే ఒక్కటే చూసి పన్ను తీయాలని నిర్ణయించడాన్ని నేను ఒప్పుకోలేను.

ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను పెంచుతుందన్నది నిజం. ఆ పెరుగుదల సాధారణంగా పళ్ల మధ్య ఉండే కోసుల దగ్గర, ముందు పళ్లలో ఎక్కువగా, చాలా పళ్ల వద్ద కనిపిస్తుంది. ఒక్క క్యాప్ పన్ను దగ్గరే ఉంటే దాన్ని ప్రధాన కారణంగా తీసుకోలేము. దయచేసి మాత్రను మీ అంతట మీరు ఆపకండి. అవసరమైతే మార్చే పని దాన్ని రాసిన ఫిజీషియన్‌ది. షుగరు 7.6 అన్నది జబ్బును మొదలుపెట్టింది అనను కానీ, మొదలైన జబ్బును నిలబెడుతుంది, మానడాన్ని నెమ్మది చేస్తుంది. చిగుళ్ల వాపు తగ్గితే షుగరు అదుపు కూడా కొంత మెరుగవుతుందన్నది మేము తరచు చూసే విషయం. అమ్మగారి మాటకు వస్తే, అనంతపురం జిల్లా బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువన్నది వాస్తవమే. కానీ అది పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఎనామెల్ (పంటి పైపొర) మీద మచ్చలు వేస్తుంది. 47 ఏళ్ల వయసులో ఒక పన్ను చిగురును వాపించదు. ఈ విషయంలో మాత్రం అమ్మగారితో నేను విభేదించక తప్పదు.

ఏ నిపుణుడన్న ప్రశ్నకు: పెరియోడాంటిస్ట్, అంటే చిగుళ్ల విభాగంలో ఎం.డి.ఎస్. చేసినవారు. ప్రతి దంత వైద్య కళాశాలలోనూ ఈ విభాగం విడిగా ఉంటుంది. కడపలోని ప్రభుత్వ కళాశాల సంగతి సోదరి చెప్పారు, కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత వైద్య కళాశాల ఉంది. మీకు ఏ ఊరు వీలో అక్కడికి వెళ్లండి. ఈలోగా పుల్లలు మానేయండి. గుండుసూది, పిన్నీసు ఎలాగూ వద్దు. పళ్ల సందుల్లో దూర్చి తోమే చిన్న బ్రష్‌లలో మీ సందుకు సరిపోయేది వాడండి, అది దూరనిచోట బలవంతం చేయకండి. దారాన్ని పైకి లాగకుండా, దించిన తరువాత ఒక కొన వదిలేసి పక్కకు లాగి తీయండి. క్లోర్‌హెక్సిడిన్ అనే నోరు పుక్కిలించే మందు వాడాలనుకుంటే రెండు వారాలకు మించవద్దు, పేస్టుతో తోముకున్న వెంటనే కాకుండా అరగంట ఆగి పుక్కిలించండి.

మీ కుటుంబ వైద్యుని దగ్గర సంకోచం అక్కరలేదు. ఆయనను ఎక్స్‌రేలతో పాటు ఒక పరిచయ ఉత్తరం కూడా రాసి ఇవ్వమని అడగండి. రూట్ కెనాల్ చేసేటప్పుడు పుచ్చు ఎంత లోతుకు పోయిందో, అంచు ఎందుకు అక్కడ పెట్టారో, ఏ సిమెంటు వాడారో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నా దగ్గరికి అలాంటి ఉత్తరంతో వచ్చిన రోగి పని సగం సులువవుతుంది, పంపిన వైద్యుని మీద నాకు గౌరవం కూడా పెరుగుతుంది.

జవాబు: ధర్మవరం మిత్రుడు

డాక్టరుగారి వివరణ బాగుంది కానీ, ఇన్ని తిరుగుళ్లు, ఇన్ని కొలతలు అవసరమా అన్నది నా సందేహం. నాకు ఇదేవిధంగా క్యాప్ పన్ను దగ్గర సంవత్సరంపాటు ఇబ్బంది ఉంటే, పన్ను తీయించి ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. నాలుగేళ్లుగా నిశ్చింతగా ఉన్నాను. ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు, నరం ఉండదు. పాడైన దాన్ని పట్టుకొని వేలాడటం కంటే తెగించడం మేలు కదా?

జవాబు: చిగుళ్ల వైద్యుడు, కర్నూలు

మీకు బాగున్నందుకు సంతోషం. ఇంప్లాంట్లకు నేను వ్యతిరేకిని కాను, నేనూ పెడతాను. పుచ్చు పట్టదన్నది నిజమే. కానీ దాని చుట్టూ ఉన్న చిగురుకు, ఎముకకు జబ్బు రావచ్చు. వస్తే సహజమైన పన్ను దగ్గర చేసినంత సులువుగా దాన్ని నయం చేయలేము. చిగుళ్ల జబ్బు ఉన్నవారికి, షుగరు అదుపులో లేనివారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అంటే జబ్బుకు కారణమేమిటో తేల్చకుండా పన్ను తీస్తే, అదే కారణం రేపు ఇంప్లాంట్ దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. పైగా ఈయన పన్ను కదులుతోందని ఎక్కడా రాయలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తే ముందు ఒకసారి కొలిచి చూడమంటున్నాను, అంతే. పగులు తేలితే మీ సలహానే నేనూ చెబుతాను.

జవాబు: గుంతకల్లు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఐదు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

మొదట మా కుటుంబ డాక్టరుగారి దగ్గరికే వెళ్లాను. నేను భయపడినట్టుగా ఆయన ఏమీ నొచ్చుకోలేదు. కంప్యూటరులో ఉన్న మూడు ఎక్స్‌రేలు ఇవ్వడమే కాకుండా, పన్ను వెనకవైపున పుచ్చు చిగురు కిందికి పోయి ఉండటం వల్ల అంచును లోతుగా పెట్టవలసి వచ్చిందని తన లెటరుప్యాడు మీద స్వయంగా రాసి ఇచ్చారు. ఇన్ని నెలలు నేను అనవసరంగా మొహమాటపడ్డానని అప్పుడు అర్థమైంది.

ప్రొద్దుటూరు అక్కగారు చెప్పినట్టు తాడిపత్రి మీదుగా రైల్లో కడప వెళ్లాను. చిగుళ్ల విభాగంలో నోరంతా కొలిచారు. మిగతా పళ్లలో రెండుచోట్ల తప్ప అంతా 3 లోపే వచ్చింది. క్యాప్ పన్ను దగ్గర బుగ్గవైపు ముందు నుంచి వెనక్కి 3, 2, 5, నాలుకవైపు 3, 3, 6 అని రాశారు. లోతు వెనక పక్కంతా పరుచుకొని ఉంది, సన్నని బావిలా లేదు, పన్ను కదలడం లేదు కాబట్టి పగులు ఉండే అవకాశం తక్కువని మేడమ్ చెప్పారు. కొత్తగా తీసిన ఎక్స్‌రేలో వెనక అంచు దగ్గర చిన్న మెట్టులాంటిది నాకు కూడా కనిపించేలా చూపించారు. నా దారం తెగుతున్నది అక్కడే.

రెండోసారి వెళ్లినప్పుడు క్యాప్‌ను కోసి తీశారు. చిగురు కింద నుంచి గట్టిపడిన సిమెంటు ముక్కను ఒకదాన్ని బయటికి తీసి దూది మీద పెట్టి చూపించారు. పసుపురంగులో, బియ్యపు గింజలో సగమంత ఉంది. దానికి పట్టిన పాచివాసన నేను తొమ్మిది నెలలుగా ప్రతి ఉదయం నోట్లో భరిస్తున్న వాసనే. తరువాత మత్తు ఇచ్చి, కడ్డీని ఎముక తగిలేదాకా దించి కొలిస్తే, పాత అంచు ఉన్నచోటి నుంచి ఎముకకు వెనకవైపు 2 మి.మీ. మాత్రమే ఉందని తేలింది. వేర్లను శుభ్రం చేసి ప్లాస్టిక్ తాత్కాలిక క్యాప్ వేశారు. 8 వారాల దాకా ఎవరూ కొలత కడ్డీ పెట్టకూడదన్నారు. అప్పటికి లోతు తగ్గితే కొత్త క్యాప్ వేస్తారు. వాపు అలాగే ఉంటే, వెనకవైపు ఎముకను కొద్దిగా తగ్గించి చిగురును కిందికి దించే చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చని, అందుకు షుగరు ఇంకా తగ్గించుకొని రమ్మని చెప్పారు. ప్రస్తుతం రక్తం రావడం ఆగింది, వాసన లేదు. అమ్మగారు మాత్రం ఇప్పటికీ నీళ్లే అంటున్నారు.

ఒక సందేహం మిగిలింది. నిన్న రాత్రి ఉగ్గాని తింటుండగా తాత్కాలిక క్యాప్ కొంచెం కదిలినట్టు అనిపించింది. ఊడిపోతే కడప వెళ్లేలోగా ఏం చేయాలి?

జవాబు: చిగుళ్ల వైద్యుడు, కర్నూలు

అంకెలు చూశాను, 8 వారాలు ఆగమన్న వారి నిర్ణయం సరైనదే. తాత్కాలిక క్యాప్‌ను తక్కువ పట్టున్న సిమెంటుతోనే అంటిస్తారు కాబట్టి కదలడం వింత కాదు. ఊడితే మింగకుండా తీసి, కడిగి, చిన్న డబ్బాలో భద్రపరచండి. ఇంట్లో ఉండే జిగురులేవీ వాడవద్దు. అంతదూరం కడపకే వెళ్లనక్కరలేదు, మీ కుటుంబ డాక్టరుగారు ఐదు నిమిషాల్లో తిరిగి అంటించగలరు. అయితే అంటించాక వెనక సందులో సిమెంటు మిగల్లేదని అక్కడే కుర్చీలో కూర్చొని ఉండగానే దారం వేసి చూడమనండి. రెండు మూడు రోజులకు మించి క్యాప్ లేకుండా ఉండకండి, వెనక పన్ను ముందుకు ఒరగడం మొదలవుతుంది. అప్పటిదాకా ఎడమవైపు నమలండి.